ఆరంగుళాల గట్టు

డెల్ఫీన్ సురెట్‌కి కమిటీలంటే పడదు. పేరులో ‘ఇన్‌క్లూజన్’, అంటే అందరినీ కలుపుకోవడం, అన్న మాట ఉన్న కమిటీ అంటే మరీనూ. అయినా ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం కొట్టు మామ్మకు అప్పజెప్పి, చక్రాల కుర్చీ తోసుకుంటూ హేవర్స్ డిజైన్ స్టూడియోకి బయల్దేరింది. వాళ్ళు తవ్విపోయబోయేది తన కొట్టు ముందున్న రోప్‌వాక్ వీధిని. వెళ్ళకపోతే వీధి తవ్వడమే కాదు, పైగా నీకోసమే తవ్వామంటారు.

కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు ఆనుకుని ఉంటుంది ఆ వీధి. పడవలకు తెరచాపలూ, వానకప్పులూ కుట్టే కొట్టు వాళ్ళది. మామ్మ ఓబెలిన్‌కు ఎనభై ఒకటి. డెల్ఫీన్‌కు ముప్ఫై. పంతొమ్మిదో ఏట పడవ తెరచాప కొయ్య మీదినుంచి పడి నడుం కింద స్పర్శ పోగొట్టుకుంది. నోరు మాత్రం అప్పటికంటే ఇప్పుడే చురుగ్గా పనిచేస్తోందని మామ్మ అంటూ ఉంటుంది.

స్టూడియోలో పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలున్నాయి. ఆమె కోసం ఒక కుర్చీ తీసేసి, ఆ ఖాళీలో నేలమీద చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న నీలం స్టిక్కరు అంటించారు, కారు నిలిపే చోటికి గుర్తు పెట్టినట్టు. డెల్ఫీన్ ఆ బొమ్మ మీదుగా చక్రాలు పోనిచ్చి, బల్ల మొదట్లో ఉన్న పెద్ద కుర్చీని పక్కకు నెట్టి అక్కడ ఆగింది. అది స్టూడియో యజమాని టకర్ హేవర్స్ కుర్చీ. ఆ తర్వాత గంటసేపు ఆయన నిలబడే మాట్లాడాడు.

టకర్‌ది జబ్బుపడిన పిల్లలతో మాట్లాడే గొంతు. పోయిన నెల తను ఇరవై నిమిషాలు వీల్‌చైర్‌లో కూర్చుని వీధి మొత్తం తిరిగాననీ, ఆ ఇరవై నిమిషాలూ తన జీవితాన్నే మార్చేశాయనీ చెప్పాడు.

"ఇరవై ఒకటో నిమిషంలో ఏం చేశారు?" అంది డెల్ఫీన్.

టకర్ కాస్త ఆలోచించాడు. "లేచాను," అన్నాడు నిజాయితీగా.

తర్వాత గోడమీద పటం వెలిగింది. పథకం పేరు ‘అందరికీ ఒకే నేల’. ఈ కొట్టు గుమ్మం నుంచి ఆ కొట్టు గుమ్మం దాకా వీధంతా ఒకే మట్టం. ఫుట్‌పాత్ లేదు, దానికి గట్టు లేదు. మనుషులూ సైకిళ్ళూ కార్లూ ఒకరినొకరు చూసుకుంటూ మర్యాదగా నడుచుకుంటారట.

తప్పులు పట్టడానికే వచ్చిన డెల్ఫీన్‌కు అది నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆ ఆరంగుళాల గట్టు ఇప్పటికి తన ముందు చక్రాలు రెండింటిని మింగింది. వీధి మొత్తానికి కిందికి దిగే వాలు రెండే చోట్ల ఉంది. వాటిలో ఒకదానికి అడ్డంగా హోటల్ వాళ్ళ చెత్త డబ్బాలు. ఇదొక్కటీ బాగుందని చెప్పడానికి ఆమె నోరు తెరిచేంతలో, బల్ల అవతలి కొసన తెల్ల కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి మాట్లాడాడు.

"ఇది కట్టిన వారంలో నేను చస్తాను," అన్నాడు. గొంతులో ఆవేశం లేదు. రేపు వాన పడుతుందన్నట్టే అన్నాడు. "గట్టు తీసేస్తే ఫుట్‌పాత్ ఎక్కడైపోయిందో, రోడ్డెక్కడ మొదలైందో నాకెలా తెలుస్తుంది? ఒకరినొకరు చూసుకుంటూ అన్నారు. నేనెవర్ని చూడను?"

"గట్టుంటే నేను రోడ్డెలా దాటాలి? ఎగిరా?" అంది డెల్ఫీన్.

"రెండు చోట్ల వాలుంది కదండీ."

"ఒకదాని దగ్గర చెత్త డబ్బాలున్నాయి. మీకు కనపడవులెండి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. అతను మాత్రం నవ్వాడు. "కనపడవు. వాసనొస్తాయి. వారానికి రెండుసార్లు నేనూ వాటిని గుద్దుకుంటూనే ఉంటాను."

అతని పేరు ఎవరెట్ కోలీ. ఊరి టాక్సీ కంపెనీలో ఫోన్లందుకుని కార్లు పంపే పని. పుట్టుకతోనే చూపు లేదు. ఊరిలో ఏ సందు ఏ వీధిలో కలుస్తుందో డ్రైవర్లు అతన్నే అడుగుతారు.

టకర్ బిత్తరపోయాడు. వికలాంగులంటే ఆయన దృష్టిలో ఒకటే మూట. ఆ మూట విప్పితే లోపల ఇద్దరు మనుషులు తగువాడుకుంటూ బయటపడతారని ఏ పుస్తకంలోనూ చదవలేదు. సర్దుబాటుగా ఉంటుందని ఎవరెట్ చేతిలో నిగనిగలాడే కాగితం మీద అచ్చేసిన పటం ఒకటి పెట్టాడు. ఎవరెట్ దాన్ని అటూ ఇటూ తడిమి, చాలా నునుపుగా ఉందని మెచ్చుకున్నాడు. టకర్ నాలుక కరుచుకుని, తానే వర్ణించి చెబుతానన్నాడు. లేత నీలం కలిసిన బూడిద రంగు రాయి అని మొదలెట్టాడు.

"రంగులతో నాకు పరిచయం లేదు," అన్నాడు ఎవరెట్. "రాయి ఎత్తెంతో చెప్పండి."

"ఎత్తేమీ ఉండదు. అదే కదా అందం."

చివర్లో అందరి చేతా హాజరు కాగితం మీద సంతకాలు పెట్టించుకుని ఫోటో తీశారు. ఫోటో తీసే అమ్మాయి వీళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోమంది. ఎవరెట్ వినయంగా తలతిప్పి డెల్ఫీన్ ఎడమ చెవివైపు ముఖం పెట్టాడు. వద్దనుకుంటూనే ఆమె ఫక్కున నవ్వింది. కెమెరా సరిగ్గా ఆ నవ్వునే పట్టుకుంది.

బయట వాన. చూరు కింద ఆగి డెల్ఫీన్ టాక్సీకి ఫోన్ చేసింది, చక్రాల కుర్చీ ఎక్కే వ్యాన్ కావాలని. అవతల కొత్త గొంతు గంటా నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది. రోజూ ఉండే ఆయనేమయ్యాడు, ఆయనైతే కనీసం మర్యాదగా అబద్ధం చెప్పేవాడని డెల్ఫీన్ విసుక్కుంది.

"ఇవాళ నాకు సెలవు," అన్నాడు పక్కనున్న మనిషి.

ఆమె ఫోన్ దించి అతని వైపు చూసింది. మూడేళ్ళుగా తను తిడుతున్న గొంతు అది. గదిలో ఆ గొంతు ఎందుకు పోల్చుకోలేకపోయిందో ఆమెకు అర్థం కాలేదు. ఎదురుగా కూర్చుని తనతో తగువాడటం ఇదే మొదటిసారి కాబట్టి కాబోలు.

"రోప్‌వాక్ వీధి, తెరచాపల కొట్టు," అన్నాడు అతను. "పోయిన నవంబరులో నన్ను కుళ్ళిన పీత అన్నారు."

"చచ్చిన పీత అన్నాను. కుళ్ళిన అనలేదు."

కంపెనీకి తొంభై కార్లున్నా కుర్చీ ఎక్కే వ్యాన్లు రెండేనని అతను చెప్పాడు. ఇంకో రెండు కొనమని నాలుగేళ్ళుగా యజమానిని అడుగుతున్నాడట. గిరాకీ లేదంటాడట ఆయన. "నాలుగుసార్లు ఫోన్ చేసి విసిగి మానేస్తారు జనం. మానేశారు కాబట్టి గిరాకీ లేదంటాడు. మానకుండా చేసేది మీరొక్కరే."

"తిట్టడానికి."

"తెలుసు. ఎదురుచూసేవాణ్ణి," అన్నాడు ఎవరెట్.

అతని బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాతి బస్సూ వెళ్ళిపోయింది. వాన తగ్గాక ఎక్కుతానన్నాడు. వాన తగ్గాక కూడా ఎక్కలేదు. డెల్ఫీన్ వ్యాన్ వచ్చేదాకా ఇద్దరూ గట్టు గురించి దెబ్బలాడుకుంటూనే ఉన్నారు.

మూడు వారాల తర్వాత స్టూడియో వాళ్ళు రంగురంగుల కరపత్రం ఒకటి ఇంటింటికీ పంచారు. అట్టమీద వీళ్ళిద్దరి ఫోటో. డెల్ఫీన్ నవ్వుతోంది, ఎవరెట్ ఆమె చెవితో మాట్లాడుతున్నట్టున్నాడు. కింద ‘పథకాన్ని ఆమోదించిన వికలాంగ ప్రతినిధులు’ అని ఇద్దరి పేర్లూ.

ఆ సాయంత్రమే కొట్టు గుమ్మంలో తెల్ల కర్ర టకటకలాడింది. మామ్మ లోపలికి రమ్మంటే ఎవరెట్ అక్కడే నిలబడ్డాడు. కరపత్రం ఒక డ్రైవరు చదివి వినిపించాడనీ, కోరుకున్నది దక్కింది కనుక అభినందించి పోదామని వచ్చాననీ అన్నాడు. తన పేరు కూడా వాడుకోకుండా ఉంటే బాగుండేదన్నాడు.

డెల్ఫీన్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "నేను మీ పేరు అమ్ముకున్నానంటారా? ఆ పథకానికి నా సంతకమే నేను పెట్టలేదు, మీది పెట్టిస్తానా?"

"మరి పేర్లెలా వచ్చాయి?"

దారం కొరుకుతున్న మామ్మ తల ఎత్తింది. "అక్కడ ఏ కాగితం మీదైనా సంతకం చేశారా మీరు?"

హాజరు కాగితం మీద, అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అదే మరి. పెళ్ళిభోజనానికి వెళ్ళి చెయ్యి కడుక్కుంటే, పెళ్ళికొడుకువి నువ్వేనన్నారట," అంది మామ్మ. "గుమ్మంలో నిలబడకు అబ్బాయ్, ఈగలొస్తాయి."

ఎవరెట్ లోపలికి వచ్చి కూర్చుని క్షమాపణ అడిగాడు. డెల్ఫీన్ క్షమించానని చెప్పలేదు. ఉత్తరం రాస్తే టకర్ ఇంకో కమిటీ వేస్తాడనీ, జూన్‌లో నగరసభ ముందు పథకం చర్చకు వచ్చేలోగా తామే ఏదో ఒకటి తేల్చుకోవాలనీ మాత్రం అంది. మామ్మ బంగాళాదుంపల తురుముతో చేసిన ‘రాపీ పై’ అనే వంటకం పెద్ద ముక్క కోసి అతని ముందు పెట్టింది. అది మామ్మ అందరికీ పెట్టదు.

అలా మే నెల ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున్నే వీధి ఖాళీగా ఉంటుంది. పక్కనున్న పడవల మరమ్మతు షెడ్డు నుంచి రకరకాల మందాల చెక్కలు తెచ్చి నేలమీద పరిచేవారు. ఎవరెట్ కర్రతో, పాదంతో నడిచి చూసేవాడు. డెల్ఫీన్ చక్రాలతో ఎక్కి చూసేది.

అరంగుళం చెక్కను అతను గమనించకుండానే దాటి నడిరోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అంగుళం పెట్టారు. ఒకసారి తెలిసింది, ఒకసారి తెలియలేదు. రెండంగుళాలు పెడితే బ్రహ్మాండంగా తెలుస్తోందన్నాడు. తన పళ్ళకు కూడా బ్రహ్మాండంగా తెలుస్తోందని డెల్ఫీన్ అంది. రెండో ఆదివారం బొడిపెలున్న పలకలు పరిచారు. అరికాలికి అవి ఎంతో స్పష్టంగా ఉన్నాయని అతను మురిసిపోయాడు. వాటిమీద కుర్చీ పోనిస్తే ఆమె నడుం గిలక్కాయలా అదిరింది. తనకు నొప్పి తెలియకపోవచ్చు గానీ మర్నాడు వీపు బిగుసుకుపోతుందని చెప్పింది. అతను వెంటనే పలకలు తీసేయబోయాడు. ఆమె కోప్పడింది.

"జాలిపడి తీసేస్తే ఇక్కడెందుకు మీరు? దానికి టకర్ ఉన్నాడుగా."

మూడో ఆదివారం జల్లు పడుతోంది. అప్పటికి ఇరవై రకాలు చూశారు. ఒకరికి సరిపోయింది ఇంకొకరికి సరిపోలేదు. ఎవరెట్ ఉన్నట్టుండి తడి చెక్కమీద కూలబడ్డాడు.

"మనకూ టకర్ జబ్బు అంటుకుంది," అన్నాడు. "ఇద్దరికీ ఒకటే జవాబు కావాలని పట్టుబట్టి వెతుకుతున్నాం. ఎందుకు ఒకటే ఉండాలి?"

డెల్ఫీన్ ఆలోచించింది. తర్వాత చాక్‌పీస్ తీసుకుని తడి నేలమీద గీయడం మొదలుపెట్టింది. గీసింది గీసినట్టే వానకు చెరిగిపోతోంది. గీస్తూనే చెప్పింది. గట్టు అలాగే ఉంటుంది, అతనికోసం. కానీ వీధి పొడవునా ఎనిమిది చోట్ల దిగుతుంది, తనకోసం. దిగిన ప్రతిచోటా ఎడమ సగం బొడిపెలు, కుడి సగం నునుపు. అతను ఎడమ పక్క గుర్తుపెట్టుకోవాలి. తనేమో దాటాలనుకున్న చోట కాకుండా దారి ఉన్న చోటే దాటాలి.

"నాకు పూర్తిగా నచ్చలేదు," అన్నాడు ఎవరెట్.

"నాకూ నచ్చలేదు."

"అయితే ఇదే సరైనదై ఉంటుంది."

వాన పెద్దదైంది. చెక్కలమీద, రేకుల మీద చినుకుల మోతకు రేవు చప్పుళ్ళన్నీ మునిగిపోయాయి. వాటినిబట్టే దిక్కు పోల్చుకునే మనిషి, లేచి నిలబడి కొట్టు ఎటుందో తేల్చుకోలేక కర్రతో నేల వెతుకుతున్నాడు. సాయం అడగడని ఆమెకు తెలుసు. తనైనా అడగదు.

డెల్ఫీన్ కుర్చీని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఒకాయన పుణ్యానికని వెనకనుంచి తోసి, తను వెళ్ళనక్కర్లేని వైపుకు రోడ్డు దాటించేశాడు. ఆరోజు నుంచి మామ్మ కూడా అడిగిగానీ ముట్టుకోదు. అలాంటి డెల్ఫీన్ కుర్చీ తిప్పుకుని అతని ముందుకు వచ్చి ఆగింది.

"వెనక పిడి ఉంది. పట్టుకోండి."

అతను కర్ర ఆపాడు. "నిజంగా అంటున్నారా?"

"తొయ్యకూడదు. పట్టుకోవాలి, అంతే."

"తొయ్యను."

కొట్టు నూరు అడుగుల దూరంలో ఉంది. అతని చెయ్యి ఎంత తేలిగ్గా ఆనిందంటే, ఉందో లేదో అని ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఉంది. గుమ్మం చేరాక కూడా ఒక్క క్షణం అలాగే ఉంది. అద్దంలోంచి మామ్మ అంతా చూసి, ఏమీ చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకుంది.

జూన్‌లో నగరసభలో చర్చ జరిగింది. టకర్ కొత్త కోటు వేసుకుని వచ్చాడు. కరపత్రం మీది ఫోటోను గోడంత చేసి చూపించాడు. చప్పట్లు కొడతారనుకున్నచోట ఆగి, ముందువరసలో కూర్చున్న ఇద్దరినీ చూపిస్తూ, "ఈయనకు కాళ్ళున్నాయి, ఈమెకు కళ్ళున్నాయి. ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి. ఇన్‌క్లూజన్ అంటే ఇదే," అన్నాడు.

కొందరు నిజంగానే చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

డెల్ఫీన్ మైకు అడగలేదు. ఆ గదిలో ఆమె గొంతుకు మైకు అవసరం లేదు.

"మేమిద్దరం విడివిడిగానే పూర్తి మనుషులం. ఇద్దరం కలిస్తే ఇద్దరమవుతాం. లెక్క అంతే." టకర్ వైపు తిరిగింది. "మమ్మల్ని కలుపుకుంటామని ఇందాకటినుంచీ అంటున్నారు. కలుపుకోవడమంటే ఇల్లు మీదీ, వచ్చేది మేమూ అని కదా. ఈ వీధి మీదని ఎవరు చెప్పారు? మా కొట్టు అక్కడ యాభై రెండేళ్ళ నుంచి ఉంది. ఈయన ఆ వీధిలో రోజుకు రెండుసార్లు నడుస్తాడు. మీరే కొత్తగా వచ్చారు. మిమ్మల్ని కలుపుకోవాలో వద్దో మేం ఆలోచించుకోవాలి."

ఎవరెట్ లేచి, హాజరు కాగితాన్ని ఆమోదపత్రంగా ఎలా మార్చారో చెప్పాడు. తిట్టలేదు. తేదీ, గంట, ఏ వాక్యం కింద చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించారో చెప్పి కూర్చున్నాడు. సభ అధ్యక్షురాలు టకర్‌ను చూసిన చూపు ఎవరెట్‌కు కనిపించకపోయినా, గదిలో దగ్గులు ఆగిపోవడం వినిపించింది.

తర్వాత వాళ్ళు తెచ్చిన చెక్కల నమూనాను నేలమీద పరిచారు. అధ్యక్షురాలు స్వయంగా వచ్చి చేత్తో తడిమి చూసింది. పథకం వెనక్కి పంపారు. కొత్త పటం గీసే బల్ల దగ్గర డెల్ఫీన్, ఎవరెట్ ఉండాలనీ, వాళ్ళు కాదన్నది కట్టకూడదనీ తీర్మానించారు. ఎనిమిది దారులడిగితే మాత్రం ఐదే ఇచ్చారు.

బయట టకర్ ఎదురొచ్చి, ఈరోజు ఎంతో నేర్చుకున్నాననీ, ముగ్గురం కలిసి ఒక ఫోటో దిగుదామనీ అన్నాడు. ఎవరెట్ మర్యాదగా తలూపి, ఫోటో వచ్చాక అందులో ఏముందో వర్ణించి చెప్పమని, కర్ర తీసుకుని ముందుకు సాగిపోయాడు. ఆ సెప్టెంబరులో టకర్‌కు ప్రజల మాట వినే డిజైనర్ అని బహుమతి వచ్చింది. లోకం తీరు అంతే.

అక్టోబరుకల్లా వీధి పని సగమైంది. ఎవరెట్ పని దిగగానే రోజూ కొట్టుకు వస్తున్నాడు. మొదట్లో పటం చూడ్డానికన్నాడు. తర్వాత కారణం చెప్పడం మానేశాడు. పెద్ద గుడ్డలు మడతపెట్టేటప్పుడు ఒక కొస పట్టుకునేవాడు. డెల్ఫీన్ అతనికి కుట్ల రకాలు వేళ్ళతో పోల్చుకోవడం నేర్పింది. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆ మాట కరపత్రాల మీద మరీ ఎక్కువగా కనబడుతుంది.

ఒక సాయంత్రం అతను ఎప్పటిలా నాలుగడుగులు వేసి, దారికడ్డంగా ఉన్న గుడ్డచుట్టకు మోకాలు కొట్టుకున్నాడు.

"ఇది నిన్న ఇక్కడ లేదు."

"ఇవాళ పెట్టాను. నా కొట్టు, నా ఇష్టం," అంది డెల్ఫీన్ కుట్టుమిషను మీదినుంచి తలెత్తకుండా.

"కొట్టులో మీ ఇష్టమే. ఇంట్లో మాత్రం ఏదైనా జరిపితే నాకు చెప్పాలి."

"ఏ ఇంట్లో?"

ఎవరెట్ మోకాలు రుద్దుకుంటూ నిలబడ్డాడు. "మన ఇంట్లో," అన్నాడు.

కుట్టుమిషను ఆగింది. మామ్మ చేతిలో కత్తెర కూడా ఆగింది.

అతనికి డెల్ఫీన్ ముఖం కనపడదు, ఏం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. కర్రను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"వంటగట్టు నా ఎత్తుకుండాలి," అంది చివరికి.

"వంగి వండుకుంటాను."

"నడుం నొప్పొస్తుంది."

"అందుకే ఒక గట్టు నా ఎత్తుకూ ఉండాలి. రెండు గట్లు. ఒకటే ఎందుకుండాలి?"

"వంటిల్లు చిన్నదైతే?"

"దెబ్బలాడుకుందాం."

"రోజూనా?"

"మీకు ఓపికున్నన్నాళ్ళూ."

డెల్ఫీన్ కుర్చీ తోసుకుని అతని దగ్గరికి వచ్చింది. అతని చెయ్యి అందుకుని తన చెంపకు ఆనించుకుంది, తడి తెలియడానికి. ఏడుస్తోందని నోటితో చెప్పడం ఆమెవల్ల కాదు.

"నువ్వు నన్ను మీరు అనడం మానెయ్యి ముందు," అంది.

"వాడి మోకాలు చూడవే, వాచిపోతోంది," అంది మామ్మ వెనకనుంచి. "దెబ్బలాట తర్వాత మొదలెట్టుకోవచ్చు. అబ్బాయ్, రాత్రికి ఇక్కడే తిను. మీవాళ్ళను ఆదివారం రమ్మను, అన్ని సంగతులూ మాట్లాడాలి. నేను కమిటీ వెయ్యను, భయపడకు."